దుప్పటి కింద సంచి

చాట్రాయి దగ్గర మామిడి తోట ఉన్న బసవపున్నారావు పక్షవాతం వచ్చి మంచాన పడ్డ దగ్గర్నుంచీ, పెళ్ళాం సుబ్బరత్నమ్మ ఇంకో మనిషిని ఆయన మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, విరేచనం బిగుసుకుపోతే ఆముదం పట్టి కూచోబెట్టి కడగడం, అంతా ఆవిడే. ఎవరినైనా ఆయాని పెట్టుకోవే అని తోడికోడలంటే, "నీ మొగుడికి పెట్టుకో, నాకు చేతులున్నాయి" అంది. ఆ నోటికి జడిసి మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఒంటేలు ఆగిపోయిననాడు ఆస్పత్రిలో గొట్టం వేసి, దాని చివర సంచి తగిలించి పంపారు. ఇంటికొచ్చి చూసిపోయే నర్సు రోజా ఆ సంచిని మంచం పట్టెకి వేలాడదీసి చూపించింది. ఇది ఎప్పుడూ నడుముకి కిందే ఉండాలి పెద్దమ్మా, పైకెత్తితే దిగిందంతా మళ్ళీ లోపలికే పోయి ఇన్ఫెక్షన్ వస్తుందని చెప్పింది. నీళ్ళు పల్లానికి పోతాయని సుబ్బరత్నమ్మకి ఒకరు చెప్పాలా? ఇన్నేళ్ళూ తోటకి తడి పెట్టిన మనిషి.

ఆ సంచి పైకెత్తింది తెలియక కాదు. పిందె దిగేసరికి నూజివీడు షావుకార్లు కాపు బేరానికి వస్తారు. ఆ ఇంట్లో బేరం ఎప్పుడూ పున్నారావు నోటి మీదే తెగేది. రైతు పడిపోయాడని తెలిస్తే తోటనీ పడేసి అడుగుతారని ఆవిడ భయం. అందుకే వాకిట్లో బండి చప్పుడైతే చాలు, ఆయన్ని దిండ్లకి చేరగిలేసి, తెల్లచొక్కా తొడిగి, సంచి ఎత్తి దుప్పటి కింద పొట్ట మీద పెట్టేది.

"అదెందుకే పైన?" అనేవాడాయన ముద్దమాటగా.

"పరువుకి" అనేది.

షావుకారు రాఘవయ్య వచ్చాడంటే కాఫీ తాగి, ఊరి కబుర్లన్నీ అయ్యాక గానీ లేవడు. పూత మాడిందంటాడు, కాపు పల్చనంటాడు, మళ్ళీ వస్తానంటాడు. ఆయన తర్వాత ఇంకొకడు, ఆ పైన చుట్టాలు. ఆయనకి గొంతు పట్టేసిందని చెప్పి, కూచున్నవాణ్ణి లెమ్మనలేక ఆవిడ గుమ్మం పట్టుకు నిలబడేది. సంచి దుప్పటి కిందే ఉండేది. బేరం మాత్రం తెగలేదు.

ఆయనకి చలిజ్వరం తగిలింది. మంచుగాలి అనుకుని మిరియాల కషాయం కాచింది. ఒంటేలు బురదనీళ్ళలా మారి, గది కంపుకొట్టింది. రోజా వచ్చి దుప్పటి తీసేసరికి సంచి పొట్ట మీదే ఉంది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా పెద్దమ్మా?"

"వచ్చేవాళ్ళు చూస్తారని..."

"చూస్తే?"



పెద్దాస్పత్రికి తీసుకెళ్తే, విషం రక్తానికెక్కింది, కిడ్నీలు చేతులెత్తేశాయి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆయన తెలివి వచ్చీపోతూ ఉంది. ఆవిడ సంచిని పట్టెకి, అందరికీ కనబడేటట్టే కట్టింది.

కబురు తెలిసి రాఘవయ్య వచ్చాడు. ఈసారి కాఫీ అడగలేదు. మంచం పక్కన నిలబడి సంచి వంక చూశాడు.

"మా నాన్నకీ ఇదే అక్కయ్యగారూ, పోయేదాకా. నేనే మార్చేవాణ్ణి" అన్నాడు.

ఆవిడ వంగి సంచి తడిమింది. పొద్దుటినుంచీ చుక్క దిగలేదు.