పెంట తిన్న వంగచెట్లు

భారతమ్మను తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు, మా హెడ్మాస్టరు మీద. అంతకంటే ఎక్కువ నా మీద.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు, బడి వెనక చౌటినేలలో పిల్లలంతా కలిసి తోట వేయాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఆ నేలలో గడ్డి కూడా మొలిచేది కాదు. భర్త పోయాక ముప్పై గొర్రెలతో ఒంటిగా బతుకుతున్న భారతమ్మ, ఎరువు పడాలని మూడు రాత్రులు తన మందను అక్కడ నిలబెట్టింది. రైతులైతే అందుకు జొన్నలు కొలిచేవాళ్ళు. మా దగ్గర గింజ ముట్టలేదు.

"పిల్లోళ్ళ తోటకు కూలేందిలే" అనింది.

ఉగాదికి వంగచెట్లు మోకాలెత్తు లేచి పూతపట్టాయి. ఇన్‌స్పెక్టరు చూడ్డానికి వస్తాడని కబురు. ఒకరోజు నీళ్ళు పోసి తడిక వేయకుండా వచ్చేసింది నేను. భారతమ్మ గొర్రె లోపలికి దూరి ఒక సాలంతా కొరికేసింది. పైరు మేసిన పశువుల్ని బంధించే బందెలదొడ్డికి దాన్ని తోలమన్నాడు హెడ్మాస్టరు. తోలిందీ నేనే. శభాష్ అన్నాడు. తడిక సంగతి నేను నోరెత్తలేదు. థూ, నా బతుకు.

ఆ గొర్రె ఈని నాలుగు రోజులే. భారతమ్మ పిల్లను చంకనేసుకొని బడికొచ్చింది.

"మీ చీటీ లేందే దొడ్డికాడ ఇడ్సరంట అయివారూ. పిల్ల పాలకు అల్లాడతాంది. రాసియ్యండి."

"ఇన్‌స్పెక్టరుకు నష్టం చూపించాల. మూడు రోజులు ఆగు" అన్నాడు హెడ్మాస్టరు.

"నా గొర్రె మీ వంగచెట్లు తినింది, నిజమే. మీ వంగచెట్లు నా గొర్రెల పెంట తిన్యాయి గదా. వాట్ని ఏ దొడ్డికి తోల్తారు?"

"నోరు అదుపులో పెట్టుకో" అని తలుపేసుకున్నాడు. ఎరువు కావలసినప్పుడు ఆమెను అమ్మా అని పిలిచిన నోరే అది.

మిగతా గొర్రెలు పరాయి పిల్లను దగ్గరికి రానిస్తాయా? కుమ్మి తోసేశాయి. భారతమ్మ పక్కింటి మేకపాలలో గుడ్డ తడిపి దాని నోట్లో పిండి చూసింది. మూడోరోజు పొద్దున పిల్ల చచ్చిపోయింది. ఆ మధ్యాహ్నమే ఇన్‌స్పెక్టరు తోట చూసి హెడ్మాస్టరు వీపు తట్టాడు. సాయంత్రానికి చీటీ వచ్చింది. గొర్రె అరుచుకుంటూ ఇంటికొచ్చి పిల్ల కోసం మందంతా వెతికింది. పొదుగు రాయిలా గట్టిపడిపోయింది.

మరుసటేడు తోట పాలిపోయి నేలకంటుకుంది. హెడ్మాస్టరు నన్నే పంపాడు.

"అత్తా, తోటలో మళ్ళా మంద నిలబెట్టమని అయివారు అడగమన్న్యాడు" అన్నాను తలెత్తకుండా.

భారతమ్మ ఒక గొర్రె కాలిలో ముల్లు తీస్తోంది. నావైపు చూడలేదు.

"దారి నీకు తెల్సు గదప్పా. బందెలదొడ్డిలో నా గొర్రె మూడు దినాలు ఏసిన పెంట ఆడనే ఉంటాది. పో, ఎత్తుకొని పో."