లకుముకిపిట్ట సంచి

మా స్నేహితురాళ్ల పిలుపులకూ నా సూదికీ ఎప్పుడూ పోటీయే. ఒకరోజు అమలాపురంలో చీరల షాపు, మర్నాడు ఒకరింట్లో పారాయణం. మధ్యలో దొరికిన పూటల్లో సంచుల మీద పిట్టలు కుడుతుంటాను. ఎదురింటి వదినగారి అరవయ్యో పుట్టినరోజుకు లకుముకిపిట్ట సంచి ఇస్తానని మాటిచ్చాను. అందులో కొబ్బరికాయ వేసుకుని పలివెల గుడికి వెళ్లాలని ఆవిడ ముచ్చట. ఆ ఉదయానికి పిట్ట పూర్తయింది గానీ, సంచికి పట్టీ లేదు.

వదినగారితో కలిపి స్నేహితురాళ్లం నలుగురం గుడికి ఎక్కిన ఆటోలోనే, సంచి ఒళ్లో పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టాను. అమ్మ ఇంట్లో నేర్పినట్టు రెండు పేటల దారంతో గట్టిగా బిగించి, దిగగానే కొబ్బరికాయ వేసి వదినగారి భుజానికి తగిలించాను. ఆవిడ రెండడుగులు వేశారో లేదో, నా పైటకొంగు కూడా ఆవిడ వెంట వెళ్లిపోయింది. పట్టీతో పాటు దాన్నీ కుట్టేశాను!

కత్తెర ఇంట్లో ఉండిపోయింది. పళ్లతో కొరకబోతే వదినగారు చెయ్యి అడ్డం పెట్టి అన్నారు:

"పుట్టినరోజు పూట తెంపకండి. మనిద్దరికీ కొంగుముడి పడిపోయిందండీ!"

"ఆయ్, మరి పెళ్లికొడుకెవరండీ?" అంది వెనకాల వస్తున్న స్నేహితురాలు.

"కాయ మోసేవాళ్లేనండీ!" అన్నాను నేను, వదినగారి భుజం చూపిస్తూ.

నవ్వాపుకోలేక, ఒకరి వెనక ఒకరం మూడు ప్రదక్షిణలు చేశాం. పూజారిగారు ఇద్దరికీ కలిపి అక్షతలు వేశారు. ఇంత మంచి పొరపాటు చేయించినందుకు స్వామికి దణ్ణం పెట్టి, ఇంటికెళ్లేదాకా ఆ కుట్టు ఊడకూడదని కూడా వేడుకున్నాను.