తూరె గోడలో గున్వోర్ పెట్టె

గున్వోర్ ఇరవై ఏడేళ్ళు మా స్టెన్‌విక్ బడి వంటగదిలో పనిచేసింది. అందులో పదకొండేళ్ళు నేను ఆమె పక్కన నిలబడి బంగాళాదుంపలు చెక్కు తీశాను. పొట్టి మనిషి, పెద్ద గొంతు. బఠాణీ సూపు తినకుండా వదిలేసిన పిల్లల పేర్లు ఆమెకు ఏళ్ళ తరబడి గుర్తుండేవి. వాళ్ళు పెద్దవాళ్ళై దుకాణంలో ఎదురుపడితే, ముందు ఆ సంగతే అడిగేది.

మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పాక ఉద్యోగం మానేసింది. రోజూ నడవమన్నాడాయన. నడక ఆమెకు అసలు పడదు. చేతిలో పని లేకుండా రోడ్డు మీద తిరగడం ఆమె దృష్టిలో సోమరితనం.

"ఊరికే తిరగడానికి నేనేమన్నా గడియారం ముల్లునా?" అనేది.

ఆ వేసవిలో ఒకరోజు కాలవ గట్టు మీదుగా ఇంటికి వస్తోంది. వంతెన దగ్గర ఒక ముసలి జర్మన్ జంట ఇనుప కమ్మీల కింద చేతులు పెట్టి తడుముతున్నారు. తాళంచెవి పడేసుకున్నారేమో అనుకుంది. సంచీ కింద పెట్టి, ఆ మోకాళ్ళతోనే వంగి, తనూ గడ్డిలో వెతకడం మొదలుపెట్టింది. పది నిమిషాలు వెతికాక గానీ, పోయిందేమిటో అడగాలని తోచలేదు. వాళ్ళు వచ్చీరాని స్వీడిష్‌లో చెప్పారు: మాదేమీ పోలేదు, ఎవరో ఇక్కడ ఒకటి దాచారు, దాన్ని వెతుకుతున్నాం.

చివరికి అది గున్వోర్ చేతికే తగిలింది. బొటనవేలంత గొట్టం, అయస్కాంతంతో కమ్మీకి అంటుకుని ఉంది. లోపల చుట్టచుట్టిన కాగితం, దాని నిండా పేర్లు. ఇలాంటివి ఊళ్ళలో, అడవుల్లో, లోకమంతా లక్షల కొద్దీ ఉన్నాయనీ, ఎక్కడ దాచారో ఫోన్‌లో మ్యాపు చూపిస్తుందనీ, దొరికితే పేరు రాసి మళ్ళీ అక్కడే పెట్టేయాలనీ, ఈ ఆటని జియోకాచింగ్ అంటారనీ వాళ్ళు చెప్పారు. గున్వోర్ చేత కూడా సంతకం పెట్టించారు.

ఇంటికెళ్ళగానే నాకు ఫోన్ చేసింది.

"ఏమే, లోకంలో పెద్దవాళ్ళంతా దాగుడుమూతలు ఆడుకుంటున్నారట. మనకి ఒక్కరూ చెప్పలేదు చూడు."

మర్నాడు నేను వెళ్ళి ఆమె ఫోన్‌లో మ్యాపు పెట్టిచ్చాను. అంతే, గడియారం ముల్లు తిరగడం మొదలుపెట్టింది. ఎండిన మొద్దు తొర్రలో, పక్షి గూటి వెనక, బస్టాపు బల్ల కింద, ఎక్కడెక్కడివో వెతికి తీసింది. చలికాలం వచ్చేసరికి డెబ్భై దాటాయి. పందెం కట్టినట్టు పరుగులు తీసే రకం కాదు. పెట్టె దొరికాక అక్కడే కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ తాగి, జున్నురొట్టె తిని, తడిసిన కాగితం ఉంటే ఆరబెట్టి మరీ లేచేది. దొరకనప్పుడు కూడా ఆ సంగతి ఫోన్‌లో నిజాయితీగా రాసేది. ఒకసారి ఇలా రాసింది: "దొరకలేదు. కాఫీ మాత్రం బాగుంది."

మరుసటి వసంతానికి తనూ ఒకటి దాచాలనిపించింది. చోటు కూడా ఎంచి పెట్టుకుంది. ఊరికి ఉత్తరాన తూరె అనే రైతు గొర్రెల బీడు ఉంది. దాని అంచున మోకాలు దాటిన ఎత్తున పాత రాతిగోడ. అక్కడ నిలబడితే తెల్ల బెరడు బర్చి చెట్ల సందుల్లోంచి సరస్సు రెండు ముక్కలుగా కనిపిస్తుంది. మా దేశంలో ఎవరి అడవిలోనైనా, ఎవరి బీడులోనైనా నడవొచ్చు, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. కానీ ఏదైనా పెట్టాలంటే నేల యజమానిని అడగాలి. గున్వోర్‌కి అది తెలుసు. తూరె గురించి కూడా తెలుసు. ఆయన చర్చి దగ్గర సైతం తలూపడమే తప్ప మాట్లాడే మనిషి కాదు. తర్వాత అడుగుదాంలే అనుకుని, బడి వంటగది నాటి మూతడబ్బా ఒకటి గోడ సందులో పెట్టేసింది. లోపల చిన్న పుస్తకం, పెన్సిలు, నాలుగు గోళీలు, ఒక చెక్క దుప్పిబొమ్మ. రాళ్ళు కదపనక్కర్లేదు, చెయ్యి పెడితే అందుతుందని ఫోన్‌లో రాసింది. అది అందరూ చదవరు కదా.

జూన్ నెల పొడుగునా జనం వస్తూనే ఉన్నారు. ఎవరు ఏం రాసినా గున్వోర్ నాకు చదివి వినిపించేది. జూలై మధ్యలో మాత్రం ఒకతను రాసింది చదువుతుంటే ఆమె గొంతు తగ్గింది. గోడలో డబ్బా లేదట. దాని చోట ఒక పలక, పలక మీద సుద్దతో, "పెట్టె నా దగ్గర ఉంది. పెట్టినవాళ్ళు రావాలి. తూరె," అని ఉందట.

తోడు రమ్మంటే వెళ్ళాను. తూరె తన ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి, పొడుగు, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. మమ్మల్ని చూసి లేచి, గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండు గజాల మేర కూలిపోయి ఉంది. వచ్చినవాళ్ళు రాళ్ళు లాగి చూశారట, మళ్ళీ ఎలా పడితే అలా పేర్చి పోయారట. పెద్ద వాన పడేసరికి గోడ జారింది. పదకొండు గొర్రెలు బయటపడ్డాయి. ఒకటి కింద ఊబిలో మెడ దాకా దిగిపోయింది. దాన్ని తాడేసి లాగడానికి ఆయనకీ పక్క రైతుకీ సగం రోజు పట్టింది. బతికింది గానీ కుంటుతోంది. ఇదంతా ఆయన వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

"అడిగి ఉంటే నేనేమనేవాణ్ణో తెలుసా?" అన్నాడు.

"వద్దనేవారు," అంది గున్వోర్.

"అందుకే అడగలేదు."

"అవును, అందుకే అడగలేదు. తప్పు నాదే. బడిలో ఏ పిల్లో పిల్లాడో ఇలా చేస్తే, చేసినచోటే నిలబెట్టి బాగుచేయించేదాన్ని."

తూరె ఆమె మోకాళ్ళ వంక చూశాడు, గోడ వంక చూశాడు.

"అయితే శనివారం పొద్దున ఏడింటికి రండి. చేతి తొడుగులు తెచ్చుకోండి."

దారిలో నేను, ఆ మోకాళ్ళతో రాళ్ళేం మోస్తావన్నాను. బఠాణీ బస్తాలు మోసినదాన్ని కాదా అంది. కానీ కారులో కూర్చున్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూస్తోంది. ఆ గొర్రె సంగతి ఆమెకు బాగా తగిలింది.

మూడు శనివారాలు పట్టింది. తూరె ఆమెను బోర్లించిన బక్కెటు మీద కూర్చోబెట్టాడు. పెద్ద రాళ్ళు ఆయన ఎత్తిపెడితే, మధ్య ఖాళీల్లో చిన్న రాళ్ళు ఈమె నింపాలి. రెండు రాళ్ళ అతుకు మీద మూడో రాయి కూర్చోవాలని, ఊగే రాయిని నమ్మకూడదని నేర్పాడు. మొదటి శనివారం అంతకు మించి మాట్లాడలేదట. రెండో శనివారం కాఫీ తాగుతుండగా తనే కదిపాడు.

"మీ పుస్తకంలో అరవై రెండు మంది రాశారు."

చదివారా అని అడిగింది గున్వోర్. రెండుసార్లు చదివానన్నాడు. తర్వాత అడిగాడు, "ఒక డెన్మార్క్ ఆవిడ ఇక్కడ గంటసేపు కూర్చున్నానని రాసింది. గంటసేపు ఏం చూసి ఉంటుంది?"

"సరస్సుని."

తూరె వెనక్కి తిరిగి చూశాడు. బర్చి ఆకులు గాలికి కదులుతున్నాయి, సరస్సు రెండు ముక్కలుగా మెరుస్తోంది. చాలాసేపు చూశాడని గున్వోర్ నాతో చెప్పింది.

"మా నాన్న ఈ రాళ్ళు మోసీ మోసీ నడుం పోగొట్టుకున్నాడు," అన్నాడు చివరికి. "ఈ నేలని ఇంట్లో అందరం తిట్టుకున్నవాళ్ళమే. దీని గురించి ఒకళ్ళు మంచిమాట రాయగా చూడటం ఇదే మొదటిసారి."

ఇంకొకరెవరో ఊబి దగ్గర పెద్ద కొంగల జంటను చూశామని రాశారట. "ఆ ఊబిలోనే కదా మా గొర్రె దిగింది," అని, అంతలోనే చిన్నగా నవ్వాడట. గున్వోర్‌కి ఆ నవ్వుతో గుండె మీది బరువు సగం దిగింది.

మూడో శనివారం గోడ పూర్తయింది. నేను వెళ్ళేసరికి ఇద్దరూ మీరు, రండి అనుకోవడం మానేసి, నువ్వు, రా అనుకుంటున్నారు. తూరె డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. తడి తగలకుండా మూత అంచుకి రబ్బరు వేసి ఉంది.

"గోడలో మాత్రం వద్దు," అన్నాడు. "రోడ్డు పక్క పాల అరుగు కింద పెట్టుకో."

పూర్వం పాల లారీ వచ్చే రోజుల్లో క్యాన్లు పెట్టే చెక్క అరుగు అది. లారీ రావడం మానేసి యాభై ఏళ్ళవుతున్నా ఆయన ఏటా దానికి రంగు వేస్తాడు. కింద డబ్బా తగిలించడానికి కొక్కెం కూడా అప్పటికే కొట్టి ఉంచాడు. ఫోన్‌లో ఏం రాయాలో కూడా ఆయనే చెప్పాడు. గున్వోర్ ఒక్క మాట మార్చకుండా రాసింది: "రాళ్ళు కదపొద్దు. గేటు మూయండి. సరస్సు చూడాలంటే గోడ పక్కన నడవండి. కూర్చోవడానికి బల్ల వేశాను."

నిజంగానే వేశాడు. ఓక్ చెక్కతో, ముగ్గురు కూర్చునేంత బల్ల.

ఇది జరిగి నాలుగేళ్ళు. గున్వోర్ నాలుగొందల పెట్టెల దాకా వెతికింది. మోకాళ్ళలో ఒకటి మార్పించుకుంది. పాల అరుగు పుస్తకాన్ని మాత్రం తూరె చూసుకుంటాడు. వాన కురిస్తే తీసుకెళ్ళి పొయ్యి పక్కన ఆరబెడతాడు, పుస్తకం నిండితే ఫోన్ చేస్తాడు. ఇంత చేసినా, ఒకళ్ళు కావాలని దాచినదాన్ని ఇంకొకళ్ళు పోయి వెతకడమేమిటని మొన్నటిదాకా వాదించేవాడు.

పోయిన సెప్టెంబరులో ట్రాక్టరు భాగమేదో కొనడానికి తూరె గున్వోర్ కారులో పట్నం వెళ్ళాడు. నేనూ ఉన్నాను. తిరిగొస్తూ గున్వోర్ అడవి అంచున ఆపింది. మ్యాపు ఒక రాళ్ళకుప్ప చూపిస్తోంది. మేమిద్దరం అరగంట వెతికాం. తూరె జేబుల్లో చేతులు పెట్టుకుని పక్కన నిలబడ్డాడు. మేం విసిగి కాఫీ తీశాక నోరు విప్పాడు.

"ఆ మూడో రాయికి నాచు కిందివైపుంది."

నిజమే. నాచు ఎక్కడైనా పైకే పెరుగుతుంది. ఎవరో ఆ రాయిని తిరగేసి పెట్టారు. ఎత్తితే డబ్బా ఉంది. గున్వోర్ పెన్సిలు ఆయనకి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, రాయి మీద కూర్చుని, దస్తావేజు రాస్తున్నంత శ్రద్ధగా తన పూర్తి పేరు, పొలం పేరు, వీధి, ఫోన్ నంబరు రాశాడు. కింద "గొర్రె తోళ్ళు అమ్మబడును" అని కూడా రాశాడు. చిన్న పుస్తకం, రెండు పేజీలు నిండిపోయాయి.

"తూరె, ఇందులో పేరొక్కటే రాయాలి," అంది గున్వోర్.

"ఊరూ పేరూ లేని సంతకం ఎవరు నమ్ముతారు?" అని, పుస్తకం మూసి, డబ్బా దాని చోట పెట్టి, నాచు పైకి వచ్చేలా రాయి తిప్పి పెట్టాడు. అలా పెడితే ఇంక ఎవరికీ దొరకదని గున్వోర్ గొడవపెట్టింది. వెతకనివ్వమన్నాడు. వాళ్ళిద్దరూ ఆ రాయి ఎటు ఉండాలో తేల్చుకునేలోపు నేను కాఫీ పోసి ముగ్గురికీ అందించాను.