ఐదువేల నలభై కన్నుల వల

1961లో జువ్వలదిన్నె పక్కన ఒక పల్లెలో మత్స్యకారుల సహకార సంఘానికి నేను స్టోర్‌కీపర్‌ని. గణితంలో డిగ్రీ చేసి కొత్తగా చేరాను. అలివి వల అల్లే ఇళ్లకు నైలాన్ దారం తూచి ఇవ్వడం నా పని. ఈ వలను పడవలో తీసుకుపోయి సముద్రంలో చుట్టి వేస్తారు. తర్వాత రెండు కొసలూ పట్టుకుని ఒడ్డుకు లాగుతారు. ఒక్కో ఇల్లు ఒక్కో ముక్క అల్లి తెస్తుంది. ముక్క తెచ్చిన ఇంటికే చేపల్లో వాటా.

ఆ ఏడు కొత్త వలకు పొడవునా ఎన్ని కన్నులు, అంటే దారాల మధ్య గళ్లు, ఉండాలో నన్ను చెప్పమన్నారు. 5040 అన్నాను. గణితంలో ఇలాంటిదాన్ని హైలీ కాంపోజిట్ నంబర్ అంటారు. తనకన్నా చిన్న సంఖ్య దేనికీ లేనన్ని భాజకాలు దానికి ఉంటాయి. 5040కి అరవై ఉన్నాయి. ఒకటి నుంచి పది వరకు దేనితో భాగించినా శేషం రాదు, పన్నెండుతోనూ రాదు. ఊళ్లో వల కట్టేది పన్నెండు ఇళ్లు, ఇంటికి 420 కన్నులు. దారం పన్నెండు మూటలు కట్టి, ఆ పొందిక చూసి మురిసిపోయాను.

అప్పుడు పోలమ్మ వచ్చింది. అంతకుముందు తుఫానులో ఆమె భర్త పోయాడు. ఇద్దరు పసిబిడ్డలు.

"మా ఇంటికీ దారం ఇయ్యయ్యా. అల్లేది నేను అల్లతా. లాగేదానికి మా తమ్ముడొస్తాడు."

"ఐదువేల నలభై పదమూడుకి పోదమ్మా. తొమ్మిది మిగులుతుంది."

"తొమ్మిదే గదా?"

"తొమ్మిదైనా మిగిలినట్టే. కుదరదు."

ఆమె దారం మూటల వైపు కాసేపు చూసింది. "లెక్కే ఒప్పుకోకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అని వెళ్లిపోయింది. కట్టిన మూటలు విప్పి మళ్లీ తూచాలంటే నాకు బద్ధకం. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ముక్కలు జోడించే రోజు ఇసుకలో కూర్చుని చూశాను. వల పనికి పెద్ద అయిన గోవిందు రెండు ముక్కల అంచులు ఒకదాని మీద ఒకటి వేసి, కన్నుకు కన్ను కలిపి కుట్టేస్తున్నాడు. ఒక ముక్క పొడుగైందని కొస కోసేశాడు.

"అట్లా చేస్తే లెక్క తప్పుతుంది గదా, గోవిందన్నా!"

"తప్పితే ఏమాయ? చేపలేమన్నా కన్నులు లెక్కబెట్టుకోని పడతాయా సామీ?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. పోలమ్మకు చోటు ఎందుకు లేకపోయిందని అడిగాను. అతని చెయ్యి ఆగింది.

"చోటు లేదని మేమెవరమూ అన్లేదే! నువ్వే కుదరదన్నావంట. చదువుకున్నోడు చెప్పినాడు, ఏందో ఉంటాదిలే అనుకున్నాం."

ఆ సాయంత్రమే పోలమ్మ దగ్గరికి వెళ్లాను. ఎవరివో చేపలు కూలికి ఎండబెడుతోంది. దారం ఇస్తానని, ఆమె ముక్కను కూడా గోవిందు వలలో కలుపుతాడని చెప్పాను.

"లెక్క కుదిరిందా అయ్యా?" అంది ఆశగా.

"కుదిరిందమ్మా" అన్నాను.

5040ని పదమూడుతో భాగిస్తే ఇప్పటికీ తొమ్మిదే మిగులుతుంది. అందులో సంఖ్య తప్పేమీ లేదు. ఆమెను వెనక్కి పంపింది నేను. ఆ తర్వాత పనిచేసిన ప్రతి ఊళ్లోనూ ముందు ఇళ్లు ఎన్నో అడిగి, ఆ పైనే కన్నుల లెక్క వేశాను. పోలమ్మకు మాత్రం నిజం చెప్పుకోలేదు.