కామాక్షి ఎక్కితే కదలని కారు

మొన్న మా ఇంట్లో ఏం తేలిందో చెబుతా, వినండి. నవ్వాలనిపిస్తే నవ్వండి గానీ చేతిలో టీ నా పంచె మీద పొయ్యబాకండి. ముందే చెప్తున్నా, ఈ కథలో గాడిదని నేనే!

నా కారు మీకు తెలుసు గదా. బిట్రగుంట రైల్వే కాలనీలో ఒక ఆఫీసరు రిటైరై పోతా పోతా నాకు అమ్మిన పాత కారు. "ఎందుకయ్యా ఈ డొక్కు, మంచి ఎద్దుల జత కొనుక్కోక!" అని ఊరంతా అన్నారు. వాళ్లు అన్నారనే పంతానికి ఉంచుకున్నా.

దానికో వింత రోగం పట్టుకుంది. మా ఆవిడ కామాక్షి పక్కన కూర్చుంటే స్టార్ట్ కాదు! ఇంటి దగ్గర నేను ముందే స్టార్ట్ చేసి వాకిట్లోకి తెచ్చేవాణ్ని కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు. కావలి బజారులో ఆపి, మళ్లీ బయల్దేరదామంటే మొదలయ్యేది. లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుద్ది, స్టార్టర్ బటన్ నొక్కితే మాత్రం "టిక్". అంతే! ఇనప హ్యాండిల్ పెట్టి తిప్పుదామంటే అది ఆ ఆఫీసరు సామాన్లలోనే కలిసిపోయింది. సరే, తొయ్యడానికి నలుగురొస్తారు. పరాయి మగాళ్లు తోస్తుంటే ఆడమనిషి దర్జాగా లోపల కూర్చుంటే ఏం బాగుంటుందని కామాక్షి దిగి పక్కకి నిలబడుద్ది. వాళ్లు ఇంకా చెయ్యి కూడా వెయ్యరు, నేను బటన్ నొక్కుతా, కారు బుర్రుమంటుంది! ఒకసారి కాదు, మూడుసార్లు!

కావలి మెకానిక్ మస్తాన్ భాయ్ దగ్గరికి నేనొక్కణ్నే తోలుకుపోయినా. ఆయన మిలటరీలో లారీలు బాగుచేసినోడు. నొక్కిన ప్రతిసారీ చక్కగా స్టార్టయింది. బల్బుకి రెండు వైర్లు కట్టి అక్కడా ఇక్కడా తాకించి చూసినాడు. బల్బు భేషుగ్గా వెలిగింది.

"బ్యాటరీ కూడా చూస్తానన్నా. ముందు సీటు కిందే గదా, సీటు పైకి తియ్యి" అన్నాడు.

"సీటు జోలికి మాత్రం పోవద్దు భాయ్! అది నేను స్వయంగా సరిచేసింది."

"అయితే కారుకేం లేదన్నా. రోగం నీకే ఉంది."

ఈ సంగతి మా మేనత్త పిచ్చమ్మ చెవిన పడింది. ఆదివారం ఆమె కూతురి పెళ్లి. పెళ్లికొడుకుని బిట్రగుంట స్టేషన్ నుంచి నా కారులోనే తీసుకురావాల. మా ఇంటికొచ్చి, కామాక్షి ఎదటే మొదలుపెట్టింది.

"అబ్బయ్యా, కారు తీసుకుపో. ఈ పిల్లని మాత్రం అందులో ఎక్కించబాక. పాదం మంచిది కాదు. బస్సులో రమ్మను."

కామాక్షి బియ్యంలో రాళ్లు ఏరుతానే ఉంది. చేటలోకి కన్నీళ్లు టపటపా రాలినాయి. "పెళ్లికి నేను రానులెండి" అనింది చిన్నగా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అత్తా! కామాక్షి ముందు సీట్లో కూర్చుంటేనే నా కారు బిట్రగుంట పోయేది. లేదా, నీ అల్లుడు ఎద్దులబండిలో వస్తాడు. ఏం చేసుకుంటావో చేసుకో!"

అనైతే అనేశా. అత్త పోయినాక చెమటలు పట్టినాయి. పెళ్లి ఎల్లుండే!

తెల్లారగానే మస్తాన్ భాయ్‌ని ఇంటికే పిలుచుకొచ్చా. కామాక్షిని సీట్లో కూర్చోబెట్టి నొక్కినా. టిక్! దించి నొక్కినా. బుర్రు! మళ్లీ ఎక్కించినా. టిక్! సరిగ్గా ఆ టయానికే అత్త దిగబడింది. అరుగు మీద కూర్చుని ఆకు వక్క నముల్తా, "నేను చెప్పలా?" అంటా ఉంది. భాయ్ గడ్డం గోక్కుంటున్నాడు.

అప్పుడు కామాక్షి కారు దిగింది. కొంగు నడుముకి బిగించింది.

"మీరు ఇటొచ్చి నా సీట్లో కూర్చోండి. బటన్ నేను నొక్కుతా."

"నీకు రాదే!"

"మురుకులు వత్తే చేతికి బటన్ నొక్కడం రాదా?"

కూర్చున్నా. నొక్కింది. టిక్!

"మీ పాదం కూడా మంచిది కాదన్నమాట. అత్తా, మీరు రాండి."

అత్త రానంటే రానంది. కామాక్షి వదిలితేనా! రెక్క పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. నొక్కింది. టిక్! అత్త చీమ కుట్టినట్టు కిందికి దూకింది. దూకగానే నొక్కితే బుర్రు!

"ఇప్పుడన్నా సీటు తియ్యన్నా" అన్నాడు భాయ్.

తీసినా. మెత్త అడుక్కి మేకులు కొట్టి బిగించిన పీట బయటపడింది. అన్నానికి కూర్చునే పీటే, నాలుగు కాళ్లతో సహా!

ఎవరు పెట్టారంటారేంది, నేనే! కామాక్షి పొట్టిది. కారులో కూర్చుంటే అద్దంలోంచి కొప్పు తప్ప ఏమీ కనపడదు. నా పెళ్లాం కారులో పోతుంటే కావలంతా చూడొద్దా? అందుకని ఎత్తుగా ఉంటుందని, దానికి తెలీకుండా నా చేతుల్తోనే పెట్టినా. మనిషి కూర్చుంటే మెత్త దిగి, పీట కాలు బ్యాటరీ వైరు బిగించిన పట్టీని పక్కకి నొక్కుతుంది. లేస్తే వదిలేస్తుంది.

"కాస్త తగిలితే లైటుకి చాలన్నా. స్టార్టర్‌కి గట్టిగా తగలాల" అన్నాడు భాయ్.

"రెండు నెలల్నించీ ఈ పీట కోసం ఇల్లంతా వెతుకుతున్నా!" అనింది కామాక్షి.

ఆదివారం నా కారు ముందు సీట్లో కామాక్షి, వెనక పెళ్లికొడుకు. బిట్రగుంట స్టేషన్ ముందర ఒక్క నొక్కుకే స్టార్టయింది! అత్త పెళ్లింటి గుమ్మంలో ఎదురొచ్చి కామాక్షి గడ్డం పుణికి, "నీ పాదం బంగారం తల్లీ. నీ మొగుడి చెయ్యే మంచిది కాదు" అనింది. అననీ! నా పంతం నెగ్గిందా లేదా?

పీట మళ్లీ వంటింటికి చేరింది. రోజూ నాకు దాని మీదే వడ్డన. మేకుల బొక్కలు కనపడేట్టు మరీ వేస్తుంది. కూరలో ఉప్పు లేకపోయినా, పులుసు పుల్లగా లేకపోయినా అడుగుదామని నోరు తెరుస్తా. ఏం లాభం? ఆ పీట ఎక్కితే నేనూ స్టార్ట్ కాను!