జనగామలో తెలిసింది, భూపాలపల్లి దారిలో చెప్పింది

2010 ఫిబ్రవరి 10, బుధవారం. తెల్లవారుజామున చలి, పలుచటి మంచు. షాపులో ఎలుక కొట్టిన బియ్యం బస్తాకు దబ్బనంతో సగం కుట్టు వేసి, బండి వేళవుతుందని లేచాను.

ఆ రోజు రాసుకున్నది ఇలా మొదలవుతుంది. మా సంధ్యకు అప్పుడు పదహారేళ్లు. భూపాలపల్లిలో మా చెల్లెలి ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఆరో తరగతిలో ఉన్న ఎత్తు దగ్గరే ఆగిపోయింది, పెద్దమనిషి కాలేదు. చెల్లెలు తాగించని కషాయం లేదు, కట్టించని తాయెత్తు లేదు. చివరికి జనగామలో ఒక డాక్టరమ్మ రక్తం తీసి హైదరాబాద్ పంపించింది. ఆ ఫలితం కోసమే, సెలవుకు ఇంటికొచ్చిన సంధ్యను తీసుకుని మహబూబాబాద్‌లో పొద్దుటి బండెక్కాను. కాజీపేట దాటేదాకా కిటికీ పక్కన సీటు దొరకలేదు.

డాక్టరమ్మ నాతో కాదు, సంధ్యతోనే మాట్లాడింది. ఒంట్లోని ప్రతి కణంలో క్రోమోజోములనే పోగులుంటాయని, ఆడపిల్లకు ఎక్స్ అనే పోగులు రెండుండాలని, సంధ్యకు ఒకటే ఉందని చెప్పింది. పేరు టర్నర్ సిండ్రోమ్.

"మా అమ్మ కడుపుతోని ఉన్నప్పుడు ఏమన్న తిన్నందుకా?" అని అడిగింది సంధ్య.

"కాదమ్మా. తిండి వల్ల కాదు, మేనరికం వల్ల కాదు. ఎవరి తప్పూ లేదు. చదువుకు అడ్డం కాదు. గుండె, చెవులు ఎప్పటికప్పుడు చూపించుకోవాలి. మందులు వాడితే శరీరంలో మార్పులొస్తాయి. పిల్లల సంగతి మాత్రం కష్టం. దాచి చెప్పను."

బిడ్డను చెల్లెలింట్లో దింపుదామని అటునుంచే ఎక్కిన హన్మకొండ బస్సులో కండక్టర్ సంధ్యను చూసి హాఫ్ టికెట్ కొట్టబోయాడు.

"ఇంటర్ చదువుతున్న అన్నా."

"మీసాలొచ్చినోళ్లు హాఫ్ అంటరు. నువ్వేంది, ఉల్టా!" అని నవ్వి ఫుల్ టికెట్లు రెండు ఇచ్చాడు. సంధ్య నవ్వలేదు.

"అత్తకు రక్తం తక్కువున్నదని చెబుదాం. నలుగురికి తెల్వొద్దు," అన్నాను. సంధ్య డాక్టరమ్మ ఇచ్చిన కాగితం మడిచి తన సంచిలో పెట్టుకుంది.

హన్మకొండలో బస్సు మారాం. మామూలుగా అక్కడి నుంచి భూపాలపల్లికి రెండు గంటలు. పరకాల దాటాక బస్సు ఆగిపోయింది. రోడ్డు మీద వంటావార్పు. రాళ్ల పొయ్యిలపై డేగిసాలు, పక్కన డప్పులు, జై తెలంగాణ నినాదాలు. "గంట పడ్తది. దిగి తినుర్రి," అన్నాడు డ్రైవర్.

అన్నం గిన్నె దగ్గరున్న ముసలవ్వ సంధ్యను చూసి కేకేసింది. "ఓ చిన్నపిల్లా, అటు పోరగాండ్ల బంతిల కూసో!"

సంధ్య కూర్చోలేదు. "అవ్వా, నాకు పదహారేండ్లు. పుట్టుకతోనే ఒంట్ల ఒక పోగు తక్కువున్నదట. గందుకే గింతే పెరిగిన."

నేను తల దించుకున్నాను.

అవ్వ ఎగాదిగా చూసింది. "పదహారా! మరి గంతున్నదానివి చేతులు కట్టుకుని సూస్తవేందే? గీ గంటె పట్టు. పొద్దట్నుంచి నా నడుం పోతున్నది."

సంధ్య చున్నీ నడుముకు బిగించి, బంతి పొడుగునా వడ్డించుకుంటూ వచ్చింది. నా విస్తరి దగ్గర వంగి మెల్లగా అంది. "బాపూ, అత్తకు గూడ గిట్లనే చెప్త."

"చెప్పు బిడ్డా," అన్నాను.

అప్పుడు ఒకే జిల్లాలో ఉన్న ఈ ఊళ్లు ఇప్పుడు నాలుగు జిల్లాల్లో ఉన్నాయి. ఆ దారిన ఎప్పుడు వెళ్లినా, పొయ్యి రాళ్లు పెట్టిన చోటు ఎక్కడా అని ఇప్పటికీ వెతుకుతాను. ఇలాంటి పని మీద ఆడపిల్లను తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట: పొద్దుటి బండికే బయలుదేరండి, సాయంత్రం ఓపీలో తీరిగ్గా అడగడానికి వీలుండదు. డాక్టర్ చెప్పేటప్పుడు పిల్లను బయట కూర్చోబెట్టకండి.

ఆ రోజు రాతలో చివరి వరుసలు: చీకటి పడేవేళకు చెల్లెలి ఇల్లు చేరాం. సంధ్య చెబుతోంది. చెల్లెలు పొయ్యి మీది కషాయం దించి, సంధ్య పక్కన వచ్చి కూర్చుంది.