రేకుల విమానం

క్వేకర్స్ హిల్‌లో మా వీధి చివరి ఇంటి అంకుల్ ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగాయన. బతుకంతా ఇళ్లకు రేకులు కప్పాడు. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కొంచెం కదలిక వచ్చాక, ఏదైనా చేతిపని పెట్టుకోమని డాక్టర్లు చెప్పారు. ఆయన పనిముట్ల పెట్టె తెరవడం, చూడడం, మూసెయ్యడం, అంతే.

నాకు విమానాల పిచ్చి. నాతో పాటు ఇంకొకర్ని చెడగొడితే తప్ప నిద్రపట్టని రకం. ఒకరోజు ఆయనకు రష్యావాళ్లు తొలినాళ్లలో కట్టిన ప్రయాణికుల విమానం ఫొటో చూపించాను. ఒళ్లంతా ముడతల రేకు. లోపల ఇద్దరే పట్టే గది, పైలట్ మాత్రం కప్పు లేని సీట్లో, బయట గాలిలో. మొదటి నమూనాను మనుషుల బదులు ఇసుక బస్తాలతో ఎగరేశారట. ఎగిరాక తోక చాలలేదని తెలిసి, దాన్ని పెద్దది చేశారట.

"ఇది ప్లేన్ ఏంది బాబూ, రేకుల ఇల్లు!" అన్నాడు అంకుల్. మర్నాడే పల్చటి రేకు తెమ్మన్నాడు.

ఇక ప్రతి సాయంత్రం నా ఆఫీసు అయ్యాక ఆయన గరాజే మా కార్ఖానా. మూరెడు పొడవు విమానం. ఎడంచేత్తో కత్తిరించేవాడు, కుడిచెయ్యి రేకును ఒత్తి పట్టుకునేది. ఒక ఆదివారం మోడల్ విమానాల ప్రదర్శన ఉందని తెలిసి పేరిచ్చాం. "ఇది గానీ సరిగ్గా రాకుంటే పనిముట్లు ఎవరికన్నా ఇచ్చేస్తా. ఇంక నాకెందుకు" అన్నాడు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి. నాకు భయం పట్టుకుంది.

ముందురోజు శనివారం, మోడల్ పూర్తయ్యాక ఫొటో పక్కన పెట్టి చూశాను. ఫొటోలో రెక్కల మీది ముడతలు ముక్కు వైపు నుంచి తోక వైపుకు ఉన్నాయి. మావి నడిమి నుంచి రెక్కల కొసలకు పరుచుకున్నాయి. ఆయన కంటికి ఆ రెక్కలు రెండు వాలుల కప్పులా కనిపించాయి మరి. కప్పు నడినెత్తి నుంచి చూరుకు నీళ్లు జారేలా రేకు పరిచాడు. పెద్ద విమానాల పండితుణ్ణి, రోజూ పక్కనే కూర్చుని నేనేం చూశానో!

"అదిరింది అంకుల్" అని అబద్ధం చెప్పి ఇంటికొచ్చాను.

మా ఆవిడ విని, "నువ్వు చెప్పకపోతే రేపు అక్కడ ఎవరో ఒకడు అందరి ముందూ పాయింట్ అవుట్ చేస్తాడు. ఆయనకి అది నయమా?" అంది. వెంటనే అంకుల్ దగ్గరికి వెళ్లి చెప్పేశాను.

ఆయన ఫొటో అందుకున్నాడు. రెక్క మీద వేలు అటూ ఇటూ రాశాడు. ఇక పనిముట్లు పోయినట్టే అనుకున్నాను.

"వాననీళ్లు ఎటు పోతాయో చూస్తిని గానీ, గాలి ఎటు పోతుందో చూడకపోతిని" అన్నాడు. ఉన్నట్టుండి నవ్వాడు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వు. "రష్యావోళ్లు తోక మార్చినారు గదా. మనం రెక్క మార్చలేమా?"

ఆ మాట వినగానే నా నెత్తిమీద బండ దించినట్టయింది. నేనూ నవ్వాను, కొంచెం ఏడ్చాను కూడా. అంతలో ఆయన కత్తెర అందుకుని రెక్క మీది రేకు కత్తిరించడం మొదలుపెట్టాడు. కత్తెర కుడిచేతిలో ఉంది. వేళ్లు వణుకుతున్నాయి, కానీ రేకు తెగుతోంది. ఆయన గమనించలేదు. ఎక్కడ ఆగిపోతాడోనని నేనూ చెప్పలేదు.

ఆదివారం మేం ప్రదర్శనకు వెళ్లలేదు. రెక్కల పని ఉండిపోయింది.